తుడిచిన తుపాకి

మందుల గిడ్డంగి గేటు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడే ఆవిడని ఆ వీధి వీధంతా గన్నక్క అనే పిలుస్తుంది. కూరగాయల బండివాడికీ గన్నక్కే, ఎదురుగా టైర్లకి గాలి కొట్టే ముసలాయనకీ గన్నక్కే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికిలేదు. వయసు యాభై దాటింది. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, నడుముకి వెడల్పాటి తోలు బెల్టు, భుజాన రెండు గొట్టాల తుపాకి.

ఆ తుపాకి కంపెనీది కాదు, ఆవిడ సొంతం. అంతకుముందు ఆవిడ మొగుడిది. అదే గేటు దగ్గర పద్నాలుగేళ్ళు కాపలా కాసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడతను. సొంత తుపాకీ, లైసెన్సూ ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగం ఇస్తారు. లైసెన్సు తన పేరుకి మార్పించుకోవడానికి గన్నక్క రెండేళ్ళపాటు ఆఫీసుల గుమ్మాలు అరగదీసింది. ఆడదానికి తుపాకి ఎందుకని అడిగిన ప్రతి గుమస్తాకీ ఒకటే జవాబు చెప్పింది: "మగాడికి ఎందుకో అందుకే."

ఇంట్లో ఉండేది ఆవిడా, అత్తా. అత్తకి డెబ్బై ఆరు. మోకాళ్ళు పట్టేశాయిగానీ నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. ఎవరైనా ఇంటికొస్తే చాలు, మొదలుపెట్టేది. "మా వాడు నాకు ఇద్దరు కోడళ్ళని అప్పజెప్పి పోయాడమ్మా. ఒకతి వంట చేస్తుంది, ఒకతి బీరువాలో పడుకుంటుంది. రెండోదే నయం, ఎదురు మాట్లాడదు."

సాయుధ కాపలాదార్లందర్నీ ఏడాదికోసారి ఊరి బయట మైదానానికి తీసుకెళ్ళి గురి చూసి కాల్పిస్తారు. అక్కడ నేర్పే పెద్దాయనని అందరూ గురి మాస్టారు అంటారు. ఆయనకి గురికంటే శుభ్రం మీదే పట్టింపు ఎక్కువ. పేల్చిన తుపాకిని వెంటనే విప్పాలి, ఖాళీ తూటా తీసి జేబులో వేసుకోవాలి, గొట్టంలో మసి లేకుండా నూనె గుడ్డతో తుడవాలి, ఆ తర్వాతే మంచినీళ్ళయినా ముట్టాలి. మైదానంలో ఒక్క ఖాళీ తూటా తగ్గినా, గొట్టంలో వేలు పెడితే నల్లగా అంటినా ఆయన చెవి మెలిపెట్టేవాడు. వయసుతో పని లేదు, ఆడా మగా తేడా లేదు. పదకొండేళ్ళుగా గన్నక్క తుపాకి పేల్చింది ఆ మైదానంలోనే. గేటు దగ్గర ఎప్పుడూ అవసరం రాలేదు.

అవసరం ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి వచ్చింది.

గిడ్డంగిలో మామూలు మందులతోపాటు, పెద్దాసుపత్రులకి వెళ్ళే మత్తు ఇంజెక్షన్లు కూడా ఉంటాయి. వాటి కోసమే తుపాకి కాపలా. ఒక వ్యాన్ వచ్చి గేటు ముందు ఆగింది. ఇద్దరు దిగారు. సరుకు తీసుకెళ్ళాలని ఒక కాగితం చూపించారు. గన్నక్క కాగితం తిప్పి చూసింది. స్టోర్‌కీపర్ ముద్ర లేదు.

"ముద్ర ఏది బాబూ?"

"లోపల వేయిస్తాం, గేటు తియ్యమ్మా."

"ముద్ర పడితేనే గేటు. గేటు తీస్తేనే ముద్ర అంటే ఎలా?"

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఒకడు చొక్కా వెనకనుంచి ఇనుప రాడ్డు తీసి కొట్టాడు. తలకి తగలాల్సింది, పక్కకి తప్పుకోవడంతో ఎడమ జబ్బ మీద పడింది. గన్నక్క రెండడుగులు వెనక్కి వేసి తుపాకి ఎత్తింది. "ఆగు" అని అరిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. వాడు ఆగలేదు. రాడ్డు మళ్ళీ పైకి లేచింది. ఆవిడ గొట్టం కిందకి దించి ట్రిగ్గర్ నొక్కింది.

వాడు కూలబడి పిక్క పట్టుకుని గోల పెట్టాడు. రెండోవాడు వ్యానెక్కి ఉడాయించాడు. గన్నక్క తన బెల్టు ఊడదీసి పడ్డవాడి మోకాలి పైన బిగించి కట్టింది. "అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి! పోలీసులకి కూడా!" అని లోపలికి కేకేసింది. బల్లకింద దూరిన స్టోర్‌కీపర్ అక్కణ్ణుంచే రెండు ఫోన్లూ చేశాడు. ఇంతవరకూ ఆవిడ చేసిన ప్రతి పనీ అద్దంలా ఉంది.

అంబులెన్స్ పావుగంటలో వచ్చి వాణ్ణి తీసుకెళ్ళింది. పోలీసులు రావడానికి ఇంకో అరగంట పట్టింది. ఆ అరగంటే కొంప ముంచింది. స్టూలు మీద కూర్చుంటే కాళ్ళూ చేతులూ వణకడం మొదలుపెట్టాయి. ఏదో ఒక పని లేకపోతే గుండె ఆగిపోయేలా ఉంది. చేతులు వాటికి తెలిసిన పనిలో పడ్డాయి. తుపాకి విప్పాయి, ఖాళీ తూటా తీసి జేబురుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాయి, పేలని రెండో తూటా పక్కన పెట్టాయి, నూనె గుడ్డ గొట్టంలోకి దూర్చి అటూ ఇటూ లాగాయి. పని పూర్తయ్యాక ఆవిడ మంచినీళ్ళు తాగింది.

ఇన్‌స్పెక్టర్ ఆ స్టేషన్‌కి వచ్చి మూడు వారాలే అయింది. కళ్ళకింద నల్లటి చారలు. జీపు దిగుతూనే, "తుపాకి ఏదమ్మా?" అన్నాడు.

"ఇదిగో సార్." మైదానంలో అప్పజెప్పినట్టే విప్పి, గొట్టాలు చూపించి ఇచ్చింది.

ఆయన గొట్టంలోంచి వెలుతురు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "దీంతోనేనా కాల్చింది?"

"దీంతోనే సార్."

"నిన్న కొట్లోంచి తెచ్చినట్టుందే!"

"తుడిచాను సార్," అంది గన్నక్క. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

"ఖాళీ తూటా?"

"జేబులో ఉంది సార్."

ఇన్‌స్పెక్టర్ ఆవిడ మొహం వంక అలాగే చూశాడు. "సాక్ష్యం తుడిచేసి, మిగిలింది జేబులో దాచుకున్నావన్నమాట. ఎవరు నేర్పారమ్మా ఇదంతా?"

"గురి మాస్టారు సార్," అంది ఆవిడ అమాయకంగా. అది విని కానిస్టేబుల్ ఒకడు నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

స్టేషన్‌లో ఆవిడని పొడవాటి బల్ల ముందు కూర్చోబెట్టారు. బల్లకి అవతల రైటరు, అంటే వాంగ్మూలాలు రాసుకునే కానిస్టేబుల్. గన్నక్కకి దాచుకోవాల్సింది ఏమీ లేదు. అందుకే అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పుకుంటూ పోయింది. వాడు ఎంత దూరంలో ఉన్నాడంటే మొదట పదడుగులు అంది, తర్వాత అయిదంది, కొలవలేదు కదా సార్ అంది. రాడ్డు ఏ చేత్తో పట్టుకున్నాడంటే కుడి అంది, తన కుడా వాడి కుడా అని సందేహపడింది. చివరికి రైటరు అసలు ప్రశ్న అడిగాడు. "నిన్ను కొట్టాడా?"

గది నిండా మగ పోలీసులు. పదకొండేళ్ళుగా "నా గేటు దాటి ఈగ కూడా పోదు" అని చెప్పుకున్న మనిషి. ఆవిడ వీపు నిటారుగా పెట్టి, "నా ఒంటి మీద చెయ్యి పడనిస్తానా సార్! దగ్గరికే రానివ్వలేదు," అంది.

రైటరు కలం గబగబా పరిగెత్తింది. తనని తాను కాపాడుకోవడానికి కాల్చినవాళ్ళని చట్టం శిక్షించదు. కానీ ఎవరూ కొట్టకుండా, దగ్గరికి రాకుండా కాలిస్తే అది కాపాడుకోవడం కాదు, హత్యాయత్నం. ఆవిడ ఒక్క గొప్పకోసం తన కేసుని తనే తలకిందులు చేసుకుంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. ఎలా తెలుస్తుంది? తుపాకి లైసెన్సు ఇచ్చేటప్పుడు గొట్టం పొడవు రాసుకున్నారు, తూటాల లెక్క రాసుకున్నారు, వేలిముద్రలు పదీ తీసుకున్నారు. పేల్చాల్సి వస్తే పోలీసుల ముందు నీకు ఏ హక్కులున్నాయో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మేడల్లో ఉండేవాళ్ళు జ్వరానికి డాక్టర్ని పిలిచినంత మామూలుగా లాయర్ని పిలుస్తారు. గన్నక్కలాంటి వాళ్ళకి లాయర్ని పిలవడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. నిజం చెప్పేవాళ్ళకి లాయరెందుకు అనుకుంటారు. ఆ నమ్మకం మీదే ఎన్ని సంతకాలు పడ్డాయో, ఎంతమంది ఎన్నేళ్ళు లోపల ఉన్నారో లెక్క రాసిన పుస్తకం లేదు.

ఈలోగా గాలి కొట్టే ముసలాయన రిక్షా ఎక్కి అత్త దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు. అత్త మోకాళ్ళు పట్టుకుని లేచి, అదే రిక్షాలో లాయరు ఇంటికి బయల్దేరింది. కుర్రతనంలో కోర్టు ముందు జిరాక్స్ కొట్టు నడుపుతూ రాత్రి కాలేజీలో చదివి లాయరయ్యాడాయన. ఊళ్ళో అందరికీ జిరాక్సు లాయరే. ఆయన భోజనానికి కూర్చోబోతుండగా ముసలమ్మ గుమ్మంలో నిలబడింది.

"నా కోడల్ని తీసుకుపోయారు నాయనా."

"ఏ కోడల్ని పెద్దమ్మా?"

"ఇద్దర్నీ! ముందు ఎదురు మాట్లాడేదాన్ని విడిపించు. మాట్లాడందాని సంగతి తర్వాత చూద్దాం. తొందరగా రా, దానికి నోట్లో నువ్వుగింజ నానదు. ఈపాటికి పుట్టినప్పట్నుంచీ మొదలుపెట్టి ఉంటుంది."

లాయరు చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. ఆయన స్టేషన్‌కి చేరేసరికి రైటరు కాగితం ఆవిడ ముందు పెట్టి సంతకం ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపిస్తున్నాడు. గన్నక్క కలం పట్టుకుంది.

"అక్కా, కలం కింద పెట్టు," అన్నాడు లాయరు గుమ్మంలోంచే. తర్వాత ఇన్‌స్పెక్టర్‌కి నమస్కారం పెట్టాడు. "సార్, మా మనిషిని సాక్షిగా అడుగుతున్నారా, ముద్దాయిగానా?"

"ఇంకా తేల్చలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తేలేలోపు ఒక పది నిమిషాలు ఆవిడతో విడిగా మాట్లాడతాను. అది ఆవిడ హక్కు, మీకు తెలియంది కాదు."

ఇన్‌స్పెక్టర్‌కి చిరాకు వచ్చింది. కానీ తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "పదంటే పదే," అన్నాడు.

వరండా చివర మంచినీళ్ళ కుండ పక్కన నిలబడ్డారు.

"ఇప్పటిదాకా ఎంత చెప్పావక్కా?"

"అంతా చెప్పేశాను బాబూ."

"మరి నాకేం మిగిల్చావు?" అని నెత్తి కొట్టుకున్నాడు లాయరు. "చూడక్కా, పోలీసుల్ని నువ్వే పిలిపించావు, మంచి పని చేశావు. తుపాకి అడగ్గానే ఇచ్చావు, అదీ మంచిదే. నామీద దాడి జరిగింది, ప్రాణభయంతో కాల్చాను, రాడ్డు అదిగో, చూసినవాళ్ళు వీళ్ళు. ఇంతవరకూ చెప్పి, మిగతాది మా లాయరు వచ్చాక అంటే సరిపోయేది. ఒళ్ళు వణుకుతున్నప్పుడు అడుగులూ అంగుళాలూ ఎవరు చెప్పగలరు? మాట్లాడకపోవడం నేరం కాదక్కా."

"నిజం చెప్పడం కూడా నేరం కాదు కదా?"

"కాదు. మరి నిజమే చెప్పావా?"

ఆవిడ కుండ మీద మూత సర్దింది. టైం అయిపోతోందని లాయరు ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని ఇటు జరగమన్నాడు. "అమ్మా!" అని ఆవిడ కుండకి ఆనుకుపోయింది. మొహం పాలిపోయింది.

"ఏమైందక్కా?"

ఆవిడ అటూ ఇటూ చూసి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి చూపించింది. జబ్బ మీద అడ్డంగా రాడ్డంత వెడల్పున వాపు, వంకాయ రంగులోకి తిరిగింది.

"కొట్టలేదని రాయించావా?"

"సిగ్గేసింది బాబూ. కాపలా మనిషిని. గేటు దగ్గర దెబ్బ తిన్నానంటే రేపు ఎవరు నిలబెట్టుకుంటారు నన్ను?"

లాయరు కోప్పడలేదు. "జైల్లో అసలే నిలబెట్టుకోరక్కా," అన్నాడు మెల్లగా. "ఆ కాగితం మీద సంతకం అయ్యుంటే ఈ దెబ్బ తర్వాత ఇంట్లో తగిలిందనేవాళ్ళు. ఇప్పుడు లోపలికెళ్ళి ఆ కాగితం పైనుంచి కిందదాకా చదువు. పైకి చదువు. నీది కాని మాట ఎక్కడుంటే అక్కడ ఆగు. నీది అయిన తప్పు ఎక్కడుంటే అక్కడా ఆగు."

గన్నక్క చదువుకున్నది ఏడో తరగతి. కాగితం వెలుతురుకి పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రైటరు రెండుసార్లు ఆవలించాడు.

"'నాకు కోపం వచ్చి కాల్చాను.' ఇది నేననలేదు సార్."

"దాదాపు అదే కదమ్మా," అన్నాడు రైటరు. "వాడు కొట్టబోయాడు, నీకు ఒళ్ళు మండింది, పేల్చావు. తేడా ఏముంది?"

అందరూ ఆవిడ వంక చూశారు. లాయరు నోరు విప్పలేదు. ఆ మాట ఆవిడే అనాలి. ఖాకీ చొక్కా వేసుకున్నాక ఎప్పుడూ అనని మాట అది. మొగుడు పోయిన రోజున కూడా అనలేదు, అత్త ముందు కూడా అనలేదు.

"కోపం రాలేదు సార్," అంది గన్నక్క. "భయం వేసింది. చచ్చిపోతాననిపించింది. వాడు నన్ను కొట్టాడు. మళ్ళీ కొట్టబోయాడు. ఇందాక కొట్టలేదని చెప్పింది అబద్ధం. గొప్పకి చెప్పాను."

ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచింది. పొద్దున గేటు దగ్గర నవ్విన కానిస్టేబుల్ తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచి వచ్చి దెబ్బని దగ్గరగా చూశాడు.

"ఇందాకే చెప్పొచ్చుగా అమ్మా?"

"తప్పయిపోయింది సార్."

"ఈ దెబ్బని ప్రభుత్వ డాక్టరు ఇవాళే చూసి రాయాలి సార్," అన్నాడు లాయరు. "వాంగ్మూలం కొత్తగా రాయాలి, పాతది ఎందుకు కొట్టేశారో అందులోనే ఉండాలి. తుపాకి, రెండో తూటా, ఖాళీ తూటా, మూడింటికీ రసీదు కావాలి, నంబరుతో సహా. రాసిన ప్రతిదానికీ నాకో కాపీ."

"నీ కొట్టు మూసేసినా కాపీల పిచ్చి పోలేదయ్యా," అన్నాడు వెనకనుంచి పాత కానిస్టేబుల్ ఒకడు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ కూడా కాస్త నవ్వాడు. వెంటనే మళ్ళీ మొహం బిగించాడు. "అంతా బానే ఉంది లాయరుగారూ. తుపాకి ఎందుకు తుడిచింది? దానికి నాకు జవాబు కావాలి. పైవాళ్ళు మొదట అడిగేది అదే."

లాయరు ఫోన్ తీసి గురి మాస్టారికి కలిపి, గొంతు అందరికీ వినపడేట్టు బల్లమీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరే అడిగాడు. ఏం జరిగిందో చెప్పకుండా, తుపాకి పేల్చాక మీవాళ్ళు ఏం చేస్తారని మాత్రం అడిగాడు. ముసలాయన మొదలుపెట్టాడు. విప్పడం, ఖాళీ తూటా జేబులో వేసుకోవడం, నూనె గుడ్డ, మంచినీళ్ళు, అన్నీ వరసగా చెప్పాడు.

"మరి ఆ గేటు దగ్గరుండే ఆడమనిషి?"

"ఎవరు, గన్నక్కా? తుడవలేదా ఏమిటి? తుడవకపోతే చెప్పండి సార్, ఇప్పుడే వచ్చి చెవి మెలిపెడతాను."

రైటరు పకపకా నవ్వాడు. గన్నక్క కూడా నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్‌స్పెక్టర్ ఆ మాటల్ని కూడా రాసుకోమన్నాడు. తర్వాత స్టోర్‌కీపర్ని పిలిపించారు. "నేను కళ్ళు మూసుకున్నాను సార్, చెవులు మూసుకోలేదు," అన్నాడాయన. "ముందు ఏదో దెబ్బ పడ్డ చప్పుడు, తర్వాత 'ఆగు' అని మూడుసార్లు, ఆ తర్వాతే తుపాకి."

సాయంత్రం అయిదింటికి డాక్టరు ఎముకలో సన్నటి చీలిక ఉందని రాసిచ్చాడు. ఆరింటికి, పిలిచినప్పుడు వస్తానని కాగితం తీసుకుని ఆవిడని ఇంటికి పంపారు. కేసు మాత్రం పోలేదు. హత్యాయత్నం కింద పెట్టాలా, ఆత్మరక్షణ అని మూసేయాలా అన్నది పైవాళ్ళు తేల్చాలి. అందాకా తుపాకి స్టేషన్‌లోనే ఉంటుంది.

ఆ అందాకా ఆరు వారాలు సాగింది. కంపెనీవాళ్ళు ఆవిడని గేటు దగ్గర్నుంచి తప్పించి లోపల అట్టపెట్టెలకి చీటీలు అంటించే పనిలో పెట్టారు. చెయ్యి కట్టుతో అదీ ఒంటిచేత్తోనే. తూటా తగిలినవాడు బతికాడనీ, నడుస్తున్నాడనీ తెలిసిన రోజున ఒక పెద్ద బరువు దిగింది. అయినా కంటిమీద కునుకు లేదు. పక్కమీద పడుకుని చూరు వంక చూస్తుండేది. జైలు, ఆ తర్వాత అత్త, అత్త మోకాళ్ళు, ఇవే తిరిగేవి బుర్రలో. పక్కగదిలోంచి అత్త గొంతు వచ్చేది. "పడుకోవే. నువ్వు మేలుకుని కాపలా కాసినా ఆ పైవాళ్ళు తొందరగా తేల్చరు." కానీ అత్త కూడా పడుకునేది కాదు.

ఏడో వారం, ఒక మధ్యాహ్నం స్టేషన్‌కి రమ్మని కబురొచ్చింది. అత్త తనూ వస్తానంది. వద్దంటే వినలేదు. ఇద్దరూ బస్సులో వెళ్ళారు. అత్త వరండా బెంచీ మీద కూర్చుంది. గన్నక్క లోపలికి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం ఇచ్చాడు. "ఏముందో నేను చెప్పనా?"

"చదువుకుంటాను సార్."

"చదువుకో తల్లీ," అని ఆయన వెనక్కి వాలి కూర్చున్నాడు. టీ వచ్చింది, ఆయన తాగడం అయింది, ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది. ఆత్మరక్షణ కోసం కాల్చినట్టు విచారణలో తేలింది. ఆమె మీద ఎటువంటి అభియోగమూ లేదు. ఆయుధం తిరిగి ఇచ్చివేయవలసింది. ఆ మూడు వాక్యాలనీ మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదివింది.

"సంతకం ఎక్కడ సార్?"

"కింద. తుపాకి రేపు పొద్దున పది తర్వాత వచ్చి తీసుకెళ్ళు."

"కాపీ ఒకటి ఇప్పించండి సార్."

"తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, సొరుగులోంచి రెండో కాగితం తీస్తూ.

వరండాలోకి వచ్చాక అత్త లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చుంది. "ఏమైందే? చెప్పవే, నా ప్రాణం తోడేస్తున్నావు."

"అయిపోయింది అత్తా. నా మీద ఏం లేదు."

"ఏం లేదా?"

"ఏం లేదు."

అత్త కాసేపు కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత కోడలి చెయ్యి, బాగయిన ఎడమ చెయ్యి, పట్టుకుని పైకి లేచింది. "భయం వేసిందని అందరి ముందూ అన్నావటగా, లాయరు చెప్పాడు," అంది మెట్లు దిగుతూ. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు భయపడతావని."

"చాల్లే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇద్దరం ఒకే ఇంట్లో విడివిడిగా భయపడ్డామన్నమాట."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మధ్యాహ్నం ఎండ మొహం మీద పడుతోంది. రెండు స్టాపులు దాటేలోగా గన్నక్క తల మెల్లగా వాలి అత్త భుజం మీద ఆగింది. కాగితం మడత చేతిలోనే ఉంది. చిన్నగా గురక కూడా వచ్చింది. వాళ్ళు దిగాల్సిన చోటు వచ్చింది. కండక్టర్ కేకేశాడు. అత్త నోటిమీద వేలు పెట్టి వాడికి సైగ చేసింది.

"ఇంకో రెండు టికెట్లు ఇవ్వు నాయనా," అంది గుసగుసగా. "ఆఖరి స్టాపుకి."